మన పితరుల పేర్లు ఎక్కడ వున్నవి?

(శతవత్సర ఉత్సవములలో, కుటుంబ చరిత్రల కూటమున చదివిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగ సందర్భమున ప్రతి కుటుంబము తన చరిత్రను ఒకటి రెండు పుటలలో వ్రాసి యివ్వవలెనని ఉత్సవ సంఘమువారు కోరియున్నారు. తాతలు ఉపదేశులుగానో, పాస్టర్లుగానో, మిషను బడిలో పంతుళ్లుగానో పనిచేసిన కుటుంబములకు యిది అంత కష్టమైన పని కాదు. వారి ఫోటోలు యిండ్ల గోడలమీద వున్నవి, కొందరి పేర్లు గుడిలోని రాతిపలకలమీద కూడ వున్నవి. కాని మనలో ఎక్కువమంది పితరులు పాలేర్లు, కూలీలు. వారు పొలము కొనలేదు. ఉత్తరము వ్రాయలేదు. ఫోటో తీయించుకొనలేదు. అట్టి మనిషి జీవితమును నూరు, నూట యాబది యేండ్ల తరువాత మనుమలు, మునిమనుమలు తెలిసికొనగలరా? ఈ పూట మాకు యిచ్చిన ప్రశ్న యిదే.

మేము అనగా ఒకే ముత్తాత సంతతివారము. అన్నదమ్ముల బిడ్డలము కొందరము, అక్కచెల్లెండ్ర బిడ్డలము కొందరము కలిసి యీ పని పెట్టుకొన్నాము. మా ముత్తాత కృష్ణా డెల్టాలో పాలేరు పని చేసి బ్రతికినవాడు. ఆయన జాడ వెదకుటలో మాకు తెలిసివచ్చిన సంగతులు మీలో ఎవరికైనా పనికివచ్చునేమోయని మీయెదుట వుంచుచున్నాము.

పెద్దల నోటిమాట

మొదట మేము కాగితములకొరకు వెదకలేదు. ఇంటిలోని పెద్దలను అడిగాము. మా మేనత్తగారికి తొంబది యేండ్లు. ఆమె చెప్పినవి నాలుగు మాటలే. ముత్తాత ధాత కరువునాటికి పశువులు తోలుకొనిపోయే యీడువాడు. ఆ కరువులోనే వారు మెట్టనుండి కృష్ణ కాలువల క్రిందికి దిగివచ్చారు. తాతమ్మది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. ఆమె అక్క ఉప్పెనలో కొట్టుకొనిపోయిన తరువాత ఆమె పుట్టినది. ముత్తాత తమ్ముడొకడు ఓడ యెక్కి పోయినాడు, మరల రాలేదు.

పుట్టినతేది అడిగితే యే పెద్దవారును చెప్పలేరు. కరువు చెప్పుదురు, ఉప్పెన చెప్పుదురు, సంవత్సరము పేరు చెప్పుదురు. వాటిని చిన్నచూపు చూడరాదు. ధాత సంవత్సరము 1876-77. ఆ కరువు 1878 వరకు సాగినది. పశువులు తోలే యీడు అనగా ఎనిమిది, పది యేండ్లు. కనుక మా ముత్తాత 1866, 1868 మధ్య పుట్టియుండవలెను. బందరు ఉప్పెన రక్తాక్షి సంవత్సరములో, 1864 నవంబరు 1వ తేదీన వచ్చినది. ఆ ఒక్క రాత్రిలో సుమారు 30 వేలమంది పోయినారని చెప్పుదురు. కనుక తాతమ్మ పుట్టినది ఆ తరువాతనే. గుంటూరు వైపువారికి అంతకుముందు 1832-33 నాటి నందన కరువు అట్లే గురుతు. అయితే ఒక జాగ్రత్త వున్నది. మన సంవత్సరముల పేర్లు అరువది యేండ్లకొకసారి తిరిగివచ్చును. తాత చెప్పినది యే చుట్టులోని సంవత్సరమో మరొక సంగతితో కలిపి చూచుకొనవలెను.

సర్కారు లెక్క

పెద్దల మాట తరువాత మా మనస్సు జనాభా లెక్కలవైపు పోయినది. ఇతర దేశములలో యీ లెక్కలే పేదవారి చరిత్రకు ఆధారము. ఇంగ్లండు దేశమున 1841 మొదలు పదియేండ్లకొకసారి వ్రాసిన లెక్కలలో ఇంటింటి మనుష్యుల పేర్లు నిలిచివున్నవి. 1851 లెక్కనుండి ఇంటి యజమానికి ఎవరు ఏమి కావలెనో, ఎవరు ఎక్కడ పుట్టినారో కూడ వ్రాసినారు. నూరేండ్లు గడచిన తరువాత ఆ కాగితములను ప్రజలు చూడవచ్చును. 1921 నాటి లెక్కను 2022లో తెరచినారు. అక్కడి వ్యవసాయ కూలీ మునిమనుమడు తన ముత్తాతను పదియేండ్లప్పుడు తండ్రి యింట, యిరువది యేండ్లప్పుడు రైతు కొట్టములో, ముప్పది యేండ్లప్పుడు భార్యాబిడ్డలతో, డెబ్బది యేండ్లప్పుడు కూతురి పంచన వరుసగా చూడగలడు. ఆ మనిషికి సెంటు భూమి లేకపోయినను, సంతకము రాకపోయినను, ఆ పుస్తకములో ఆయనకు ఒక వరుస వున్నది.

మన దేశమున కూడ లెక్కలు జరగకపోలేదు. మద్రాసు రాజధానిలో 1871 నవంబరు 15న లెక్క తీసినారు. దేశమంతట ఒకే రాత్రి లెక్క తీయుట 1881 ఫిబ్రవరి 17న మొదలైనది. ఆ తరువాత 1891 ఫిబ్రవరి 26, 1901 మార్చి 1, 1911 మార్చి 10, 1921 మార్చి 18, 1931 ఫిబ్రవరి 26. మా ముత్తాత 1931 దాటి బ్రతికినాడు. అనగా పసివాడుగా ఒకసారి మొదలుకొని ముదుసలిగా ఒకసారి వరకు, మొత్తము యేడుమార్లు ఆయనను లెక్కించియుండవలెను.

ఆ లెక్క యెట్లు జరిగెడిదో తెలిసికొంటే ఆశ్చర్యము కలుగును. కొన్ని వారముల ముందే ప్రతి యింటికి అంకె వేసెడివారు. కరణాలు, బడిపంతుళ్లు, చదువు వచ్చిన యితరులు లెక్కకులుగా యింటింటికి తిరిగి పేర్లు, వయస్సు, మతము, కులము, పెండ్లి అయినదా లేదా, మాతృభాష, పుట్టిన జిల్లా, చేయు పని, చదువు వ్రాసుకొనెడివారు. తరువాత నియమించిన రాత్రి దీపములు పట్టుకొని మరల అదే యిండ్లకు పోయి, చనిపోయినవారిని కొట్టివేసి, పుట్టినవారిని, ఆ రాత్రికి వచ్చిన చుట్టములను చేర్చి సరిచేసెడివారు. మొదటి వ్రాత నల్లసిరాతో, రాత్రి దిద్దుబాటు ఎర్రసిరాతో జరిగెడిది. వెన్నెల వుండే రోజులను చూచి తేది నిర్ణయించెడివారు. మా ముత్తాత గుడిసెముందు కూడ ఎవరో ఒకరు దీపముతో నిలువబడి, ఆయన పేరు అడిగి వ్రాసికొన్నారనుటలో సందేహము లేదు.

అయితే ఆ కాగితములేవి? అవి నిలిచి లేవు. సర్కారుకు కావలసినది మొత్తములే గాని మనుష్యుల పేర్లు కావు. 1901 మొదలు ఒక్కొక్క మనిషికి ఒక చీటి చొప్పున వ్రాసి, మతమునుబట్టి రంగు కాగితములు వాడి, ఆ చీటీలను గళ్లపెట్టెలలో వేరుచేసి లెక్కపెట్టెడివారు. మొత్తములు తేలి పట్టికలు అచ్చైన తరువాత ఆ కాగితములను నిలువవుంచలేదు. స్వతంత్రము వచ్చిన తరువాతి లెక్కల కాగితములు కూడ 1948 నాటి జనాభా లెక్కల చట్టమునుబట్టి పరులు చూచుటకు వీలులేనివి. కనుక ఇంగ్లండు కూలీకి దొరికిన వరుస మన కూలీకి దొరకదు. యేడుమార్లు లెక్కలో వున్న మనిషి పేరు ఒక్కమారు కూడ మిగలలేదు.

స్త్రీల సంగతి యింకను వేరు. ఇంటివారు ఆడవారి పేరు చెప్పుటకు యిష్టపడనియెడల పేరు వదలి స్త్రీ అని వ్రాసికొనవలెనని లెక్కకులకు ఆజ్ఞ వుండెడిది. కనుక ఆ కాగితములు దొరికినను మన తాతమ్మలందరి పేర్లు అందులో వుండెడివని చెప్పలేము.

అంకెలలో ఏమి వున్నది?

పేర్లు లేవుగదాయని ఆ అచ్చు పట్టికలను వదలివేయకూడదు. ఒక మనిషి నోటిమాట నిజమో కాదో చూచుటకు అవి చాల పనికివచ్చును. మా పెద్దలు కరువులో మెట్టనుండి డెల్టాకు దిగివచ్చామన్నారు. పట్టికలు తీసి చూచాము. 1871 నుండి 1881 వరకు పదియేండ్లలో మద్రాసు రాజధాని జనసంఖ్య పెరుగుటకు మారు తగ్గినది. కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు తగ్గినది. కడప, బళ్లారి జిల్లాలలో కూడ తగ్గినది. అదే కాలమున కృష్ణా జిల్లాలో పెరిగినది. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారుచుండుటవలన డెల్టా గ్రామములలో పని దొరికెడిది. మా యింటి మాట ఆ అంకెలతో సరిపోయినది. కరువులో నడచివచ్చిన వేలమందిలో మావారును వున్నారని అప్పుడు ధైర్యముగా చెప్పగలిగాము.

ఈ పట్టికలు చూచువారు మూడు సంగతులు మరువరాదు. మొదటిది, జిల్లాల హద్దులు. 1859 నుండి 1904 వరకు గుంటూరు ప్రాంతము కృష్ణా జిల్లాలోనే వుండెడిది. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడినది. నేటి జిల్లాలు మరల మారినవి. పేరు ఒకటేయని ఆ కాలపు కృష్ణా జిల్లాను నేటి కృష్ణా జిల్లాతో పోల్చితే తప్పు లెక్క వచ్చును.

రెండవది, వయస్సులు. పట్టికలలో యిరువది, యిరువదియైదు, ముప్పది, నలుబది, యాబది యేండ్లవారు కుప్పలుగా వుందురు. ఇరువదియొకటి, ముప్పదిమూడు యేండ్లవారు తక్కువ. జనులు నిజముగా అట్లు పుట్టలేదు. తెలియని వయస్సును సున్నాతోనో అయిదుతోనో ముగించి చెప్పుట లోకరీతి.

మూడవది, మన పేర్లు. సర్కారు గడులలో ఒకే కుటుంబము పలు విధములుగా కనబడును. బాప్తిస్మమునకు ముందు మాల, మాదిగ అను గడులలో వున్నవారు తరువాత నేటివు క్రైస్తవులైనారు, ఆ తరువాత ఇండియన్ క్రైస్తవులైనారు. 1920ల తరువాత ఆది ఆంధ్రులను పేరు కూడ వచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గడిలోనుండి క్రైస్తవులను వెలుపల వుంచినది. దానివలన లెక్కకులు వచ్చినప్పుడు ఏమి చెప్పవలెనను చిక్కు మన యిండ్లలో చాలమందికి ఎరుకే. ఒక అన్న ఒక గడిలో, తమ్ముడు మరొక గడిలో వున్న కుటుంబములు మనకు తెలియును. దీనినిబట్టి ఎవరిని తక్కువచేసి మాటలాడరాదు. చరిత్ర వెదకువారు మాత్రము అన్ని గడులును చూడవలెను.

సంఘ పుస్తకము

సర్కారు లెక్కలో దొరకని పేరు మాకు దొరికినది సంఘ రిజిష్టరులో. మా పాస్టరేటు అయ్యగారి అనుమతితో బీరువాలోని పాత పుస్తకములు దించి చూచాము. అట్ట చెదలు తిన్నది. కొన్ని పుటలు ఒకదానికొకటి అంటుకొనిపోయినవి. అయినను బాప్తిస్మపు రిజిష్టరులో 1890 తరువాతి తొలి యేండ్ల పుటలలో ఒక వరుసమీద మా ముత్తాత వున్నాడు. పాత పేరు, క్రొత్త పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, గ్రామము, బాప్తిస్మమిచ్చినవారి సంతకము అన్నియు వున్నవి. వయస్సు 25 అని వ్రాసినారు. ధాత కరువునుండి మేము వేసిన లెక్కకు అది సరిపోయినది. వృత్తి గడిలో కూలి అని వున్నది.

ఆ తండ్రి పేరు మా కుటుంబములో ఎవరికిని తెలియదు. మేము ముత్తాత వరకే చెప్పుకొనెడివారము. ఆ ఒక్క గడివలన మాకు యింకొక తరము దొరికినది. మెట్టలో పుట్టి, బహుశా అక్కడనే కరువులో పోయిన ఆ మనిషి పేరును యిప్పుడు మా పిల్లలు చెప్పగలరు.

ఆ క్రింది వరుసలో తాతమ్మ వున్నది. స్త్రీ అని కాదు, పేరుతో వున్నది. ఆమె తండ్రి పేరు, పుట్టినూరు వున్నవి. సర్కారు లెక్కలో ఆడువారి పేరు లేకపోయినను ఫరవాలేదు. సంఘ పుస్తకములో మాత్రము పేరు లేనిదే బాప్తిస్మము లేదు. ఈ సంగతి చూచినప్పుడు మాలోని ఆడపడుచులు ఎక్కువ సంతోషించారు.

తరువాత పిల్లల బాప్తిస్మములు వెదకాము. ఆరుగురు దొరికారు. ప్రతి బిడ్డ వరుసలోను తండ్రి వృత్తి వ్రాసియున్నది. మొదటి బిడ్డనాటికి కూలి, తరువాత పాలేరు, ఆ తరువాత కాలువ పని, కడపటి బిడ్డనాటికి మరల పాలేరు. మీరు చూడుడి, కూలికిని పాలేరుకును భేదమున్నది. కూలివాడు ఆనాటి పనికి ఆనాడు గింజలు తీసికొనును. పాలేరు సంవత్సరమునకు ఒకే ఆసామియొద్ద జీతమునకు కుదిరి, పశువులతోకూడ పగలు రాత్రి వుండవలెను. అప్పు వుంటే మరుసటి యేడు కూడ అక్కడనే వుండవలెను. 1901 లెక్కలో సర్కారువారు కూడ యీ రెంటిని వేరు గడులలో వుంచినారు. నాలుగు మాటలలో మా ముత్తాత యిరువది యేండ్ల బ్రతుకు మాకు కనబడినది. ఆయన పాలేరుతనమునుండి ఒకమారు బయటపడినాడు, మరల అందులోనికే పోయినాడు. ఎందుకో రిజిష్టరు చెప్పదు. ఇంట చావు వచ్చినదో, పెండ్లికి అప్పు చేసినాడో మేము వ్రాయలేదు. తెలియనిదానిని కల్పించి వ్రాస్తే అది కుటుంబ చరిత్ర కాజాలదు.

పెండ్లి రిజిష్టరులోని వయస్సులనుగూర్చి ఒక మాట. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టములో ఆ కాలమున వరునికి పదునారు యేండ్లు, వధువుకు పదుమూడు యేండ్లు దాటియుండవలెనని వున్నది. కనుక ఆ హద్దుకు కొంచెము పైగా వ్రాసిన వయస్సులను బాప్తిస్మపు తేదీతో సరిచూచిన తరువాతనే నమ్మవలెను.

1918 నాటి పుట

సమాధుల రిజిష్టరు చూచుట మాకు కష్టమైన పని. సామాన్యముగా ఒక పుట నిండుటకు కొన్ని నెలలు పట్టును. 1918వ సంవత్సరము చివరి భాగమున వరుసలు ఒకదానిమీద ఒకటి వచ్చినవి. ఒకే చేతివ్రాత, ఒకే సిరా. కారణము గడిలో జ్వరము, జ్వరము, జ్వరము. ఆ సంవత్సరము లోకమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి పైగా మనుష్యులను తీసికొనిపోయినది. ఆ పుటలో మా యింటివారు యిద్దరు వున్నారు. ఒకరు మా ముత్తాత పెద్దకుమార్తె, ఇరువది యేండ్లు దాటినది. రెండవవారు ఆమె చంటిబిడ్డ. తల్లికి బిడ్డకు మధ్య రెండు రోజులే యెడము.

ఆ పెద్దకుమార్తెనుగూర్చి మాకు ఎవరును చెప్పలేదు. మా మేనత్తగారిని అడిగితే, తన తండ్రి ఎప్పుడును అక్కను తలచుకొనలేదని చెప్పినది. కొంచెము సేపటికి, ప్రతి సంవత్సరము దీపావళి వెళ్లిన తరువాత ఒక రోజు ఆయన పనికి పోకుండ యింటిలో పడుకొనెడివాడని, ఎందుకో ఎవరును అడుగలేదని కూడ చెప్పినది. ఆ రోజునకును యీ పుటకును సంబంధమున్నదని మేము రుజువు చేయలేము. కాని ఆ పేరు యిప్పుడు మా వంశవృక్షములో వున్నది.

ఇదే సంగతిని సర్కారు లెక్క మరొక విధముగా చెప్పుచున్నది. నేటి భారతదేశపు హద్దులనుబట్టి చూస్తే 1911లో 25 కోట్ల 21 లక్షలుగా వున్న జనసంఖ్య 1921లో 25 కోట్ల 13 లక్షలకు తగ్గినది. 1901 మొదలు యిన్ని లెక్కలలోను జనసంఖ్య తగ్గినది ఆ ఒక్కమారే. ఆ తగ్గిన అంకెలో యిద్దరు మావారు. అంకె ఎంత నష్టమో చెప్పినది, పుస్తకము ఎవరు పోయినారో చెప్పినది. రెండును కలిసినప్పుడే మాకు నిజము తెలిసినది.

బాప్తిస్మము, పెండ్లి, సమాధి రిజిష్టర్లు గాక యింకను కొన్ని పుస్తకములు బీరువాలలో వున్నవి. వాటిని చిత్తుకాగితములని పారవేయరాదు. సంస్కారము తీసికొనువారి జాబితాలు, కోతపండుగ కానుకల లెక్కలు, స్త్రీల మైత్రిలో పిడికెడు బియ్యము తెచ్చినవారి పట్టీలు అట్టివి. మా తాతమ్మ పేరు మాకు మరల కనబడినది ఒక పిడికెడు బియ్యపు పట్టీలో. భర్త పాలేరుగా వున్న యేండ్లలో కూడ ఆమె పేరెదుట గురుతు తప్పలేదు.

సముద్రము దాటినవారు

ఓడ యెక్కిపోయిన చిన్నముత్తాత సంగతి మిగిలినది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందితో నాటాలు దేశమునకు, అనగా నేటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవునకు చేరినది. అప్పటినుండి 1911 వరకు చెరకు తోటలలో, రైలు పనులలో, గనులలో పనికి 1,52,184 మందిని ఒడంబడికమీద తీసికొనిపోయినారు. వారిలో ఎక్కువ భాగము మద్రాసు రేవునుండి పోయినవారు, అరవలు, తెలుగువారు. ప్రతి మనిషికి ఒక అంకె యిచ్చి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, వంటిమీది గురుతులు వ్రాసికొన్నారు. ఆ జాబితాలు నేటికిని వున్నవి. మారిషసు దేశమునకు పోయినవారి కాగితములు అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వున్నవి. వారిలో చాలమందికి ఫోటోలు కూడ తీసినారు.

ఇందులో ఒక విచిత్రమున్నది. ఊరు విడిచి అయిదేండ్ల ఒడంబడికకు వేలిముద్ర వేసిన తమ్ముని పేరును సర్కారు దాచినది. ఊరిలోనే వుండి, యేడుమార్లు లెక్కకు నిలిచిన అన్న పేరును దాచలేదు. తోట యజమానికి మనిషి పారిపోకుండ పేరు కావలెను. లెక్క పట్టికకు మొత్తము చాలును. ఎవరి అవసరము ఎంతయో అంతవరకే కాగితము నిలిచినది.

నాటాలు జాబితాలో మా చిన్నముత్తాత పేరుగలవాడు, అదే తండ్రి పేరుతో, కృష్ణా జిల్లావాడు ఒకడు వున్నాడు. కాని గ్రామము పేరు వ్రాసిన తీరునుబట్టి అది మూడు గ్రామములలో యేదైనను కావచ్చును. ఆ రెండు పేర్లును ఆ కాలమున మన పల్లెలలో అందరికి వుండెడివే. కనుక ఆయనే యితడని మేము చెప్పుకొనలేదు. అక్కడి సంతతివారు ఎవరైనను యిటువైపు వెదకుచు వస్తే చూపుటకు ఆ వరుసను మాత్రము వ్రాసి వుంచాము.

భూమి కాగితములనుగూర్చి ఎక్కువ చెప్పపనిలేదు. సెటిల్‌మెంటు రిజిష్టర్లలో పట్టాదారుల పేర్లు వుండును గాని వారి పొలము దున్నిన పాలేరు పేరు వుండదు. మన పల్లెలవారి పేర్లు వాటిలో కనబడునది ఇండ్ల స్థలములు, బంజరు పట్టాలు యిచ్చిన తరువాతి కాలమున మాత్రమే.

మనము చేయవలసినది

మా వెదకులాటలో తేలిన సంగతి యిది. మన పితరులను రాజ్యము లెక్కించినది, పేర్లు మాత్రము విడిచిపెట్టినది. వారి పేర్లు నిలిచియున్నది మన బీరువాలలోని చెదలు తిన్న పుస్తకములలో. సర్కారు కాగితములు పోయినందుకు మనమేమియు చేయలేము. ఈ పుస్తకములు కూడ పోతే ఆ బాధ్యత మనదే. ఒక పాస్టరేటులో గుడికి సున్నము వేయించునప్పుడు పాత రిజిష్టర్లను వరండాలో పెట్టగా ఒక వానకాలములో అవి ముద్దయైపోయినవని విన్నాము. ఎన్ని కుటుంబముల పేర్లు ఆ వానలో కలిసిపోయినవో ఇప్పుడు చెప్పుట ఎవరితరము కాదు.

కనుక సంఘపెద్దలకు మా మనవి. ప్రతి పాస్టరేటులోని పాత రిజిష్టర్లను ఈ ఉత్సవ సంవత్సరములోనే పుటపుటకు ఫోటో తీయించవలెను. నేడు చేతిలోని ఫోనుతోనే ఆ పని చేయవచ్చును. పుస్తకమును యిల్లు దాటించవద్దు. ఒక ప్రతి పాస్టరేటులో, ఒక ప్రతి డయాసిస్ కార్యాలయములో వుంచవలెను. పాత వ్రాతలమీద దిద్దుబాటులు చేయరాదు. చిరిగిన పుటలకు జిగురు టేపు అంటించరాదు. కొన్ని యేండ్లకు అది అక్షరములనే తినివేయును. బీరువాను గోడకు, నేలకు తగులకుండ ఎత్తుమీద వుంచవలెను. మిషను కాలపు ఉత్తరములు, నివేదికలు కావలసినవారికి బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ భాండారము వున్నది. చర్చి మిషనరీ సొసైటీవారి కాగితములు ఇంగ్లండులో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున వున్నవి.

కుటుంబములకు మా మనవి యింకను చిన్నది. ఇంటిలో ఎనుబది యేండ్లు దాటినవారు వుంటే యీ నెలలోనే వారియొద్ద కూర్చుండుడి. పుట్టినతేది అడుగవద్దు. ఏ కరువు, ఏ గాలివాన, ఏ వరద గురుతున్నదో అడుగుడి. ఎవరి యింట జీతమున్నారో, ఏ కాలువ త్రవ్వినారో, ఏ ఊరినుండి ఏ ఊరికి ఎందుకు వచ్చినారో అడుగుడి. వారు చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయుడి. రిజిష్టరులో చూచినదానిని వేరుగా వ్రాయుడి. మీరు ఊహించినదానిని ఊహయని వ్రాయుడి. కోడండ్ర పేర్లు, వారి పుట్టినూళ్లు తప్పక వ్రాయుడి. పసితనములో పోయిన బిడ్డలను విడువవద్దు. పాలేరు, కూలి, వెట్టి అని వ్రాయుటకు సిగ్గుపడవద్దు. ఆ కష్టముమీదనే మన చదువులు, ఉద్యోగములు నిలిచినవి.

2021లో జరుగవలసిన దేశపు లెక్క ఆ యేట జరుగలేదు. లెక్క ఎప్పుడు జరిగినను మన పేర్లు మన మునిమనుమలు చూచుటకు వీలుగా వుండునని చెప్పలేము. కైసరు ఔగుస్తు ఆజ్ఞనుబట్టి పేరు వ్రాయించుకొనుటకు బేత్లెహేమునకు నడచిన ఒక వడ్రంగివాని కుటుంబమును మనము ఎరుగుదుము. ఆ రోమా లెక్క కాగితములు ఎక్కడను లేవు. వారి సంగతి మనకు తెలిసినది చూచినవారు, విన్నవారు వ్రాసిపెట్టినందువలన. మనము కూడ మనకు తెలిసినదానిని వ్రాసిపెట్టుదము.

ఉత్సవ సంఘమువారు ప్రతి కుటుంబమునుండి అడిగినది ఒకటి రెండు పుటలే. మా పుటను మేము యిచ్చివేశాము. అందులో పదునాలుగు పేర్లున్నవి. వెదకుట మొదలుపెట్టిన నాటికి మాకు తెలిసినవి తొమ్మిది. మిగిలిన అయిదును సంఘ పుస్తకములలో దొరికినవే. మీ పుటలు కూడ అట్లే నిండవలెనని కోరుచున్నాము.